గురువారం నాటి రెక్క

"ఎప్పుడు పోయాడే? రాత్రా, తెల్లవారుజామునా?"

వంటింటి గుమ్మంలో నిలబడి ఈ మాట అడిగింది హొనొరీన్ పెద్దమ్మ. నల్లకోటు గొంతుదాకా బిగించుకుని, చామంతి కుండీ చంకనెత్తుకుని వచ్చింది. కొండకిందే ఆమె ఇల్లు. మోకాళ్ళ నొప్పులతో చర్చికి కూడా రాని మనిషి ఇంత పొద్దున్నే మా కొండెక్కిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. పైగా చామంతి కుండీ. మా వైపు చామంతి సమాధి మీద పెట్టడానికే, సరదాకి ఎవరూ పట్టుకురారు.

"ఎవరు పోయారు పెద్దమ్మా?"

"ఎవరేమిటే, మీ మామ! మర్సెలాన్!" అంటూ నా రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. ఆమె బుగ్గలు తడిగా ఉన్నాయి. "నోరు మంచిది కాకపోయినా మనిషి మాత్రం..." అని ఇంకేదో అనబోయి, నా భుజం మీదుగా లోపలికి చూసి ఆగిపోయింది.

లోపల బల్ల దగ్గర మామయ్య కూర్చుని గిన్నెడు కాఫీలో రొట్టెముక్క ముంచుకు తింటున్నారు.

"ఆగిపోయావేం, కానీ హొనొరీన్," అన్నారాయన తలెత్తకుండానే. "ఇలాంటివి బతికుండగా వినే యోగం అందరికీ పట్టదు."

పెద్దమ్మ కుండీ జారవిడిచినంత పని చేసింది. "యేసుప్రభువా! మరి రెక్క దాటి ఉందేమిటే!"

నేను కట్టుకున్న ఏప్రన్‌తోనే బయటికి పరిగెత్తాను. లోయలో కంచెచెట్ల మధ్య మంచు ఇంకా విడలేదు. కొండ మీద మాత్రం తేటగా ఉంది. మా గాలిమర ఆ తేటలో తెల్లగా, గుండ్రంగా నిలబడి ఉంది. దాని కింది రెక్క నిలువు దాటి మూరెడు అవతల ఆగి ఉంది. అక్కడే నిలబడిపోయాను.

ఆ మూరెడు తేడాకి అర్థమేమిటో నాకు తెలియకపోతే కదా! మా ఇంట్లో అద్దెకి దిగే అతిథులకి ప్రతి సాయంత్రమూ నేను చెప్పే కథే అది. ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ముసలివాళ్ళ వెంటపడి, బతిమాలి నేర్చుకున్నాను. మర ఉత్తినే ఆగితే రెక్కలు గుణకారం గుర్తులా ఉంటాయి. కింది రెక్క నిలువుకి రాకుండా మూరెడు ముందే ఆగితే అది శుభం. 'వస్తున్నాం' అని గాని, 'రండి' అని గాని. పెళ్ళికి, పురుడికి, పిలుపుకి అదే గుర్తు. నిలువు దాటి ఆగితే 'వెళ్ళిపోయారు' అని. మరవాళ్ళ ఇంట్లో శవం లేచిందన్నమాట. యుద్ధాల రోజుల్లో లోయలో దాక్కున్నవాళ్ళకి కబుర్లన్నీ ఇలాగే వెళ్ళేవనీ, ఒకప్పుడు ఈ రెక్కలు మాట్లాడేవనీ చెప్పేదాన్ని. మాట్లాడేవి అనేదాన్ని. అతిథులు నోళ్ళు తెరుచుకుని విని ఫోటోలు తీసుకునేవారు.

గతియాన్ గడ్డం సగం గీసుకుని వచ్చాడు. ఒక బుగ్గన ఇంకా నురగ ఉంది.

"గాలికి జారుంటుంది," అన్నాడు నా మొగుడు.

"మన బ్రేకు ఎప్పుడైనా జారిందా?"

"అన్నిటికీ మొదటిసారి ఉండదా ఏం?"

"నిన్న సాయంత్రం ఆపింది నేను. గుణకారంలా ఆపాను. ఆ మూర దగ్గర పట్టి ఆపడం ఈ ఇంట్లో ముగ్గురికే చేతనవును. నేను కాదు. నువ్వా?"

అతను నా వంక చూడలేదు. గుమ్మం వైపు చూశాడు. అక్కడ మామయ్య కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకున్న ఆ చూపు నాకు నచ్చలేదు.

గతియాన్ మర వైపు అడుగువేశాడు.

"ముట్టుకోకు," అన్నారు మామయ్య.

"నాన్నా, ఊరంతా ఎక్కొస్తుంది!"

"రానీ. అలవాటేగా వాళ్ళకి."

* * *

పెద్దమ్మని ఊరికే పంపితే బాగుండదని కూర్చోబెట్టి కాఫీ పోశాను. చామంతి కుండీ బల్ల మధ్యన పెట్టుకుని నలుగురం చుట్టూ కూర్చున్నాం. బతికున్న మనిషి ముందు ఆయన చావుపూలు. ఇంకో రోజైతే నవ్వి నవ్వి చచ్చేవాళ్ళం.

నడవాలో నా సూట్‌కేసు సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం రైలుకి ఆంజే పట్నంలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి ప్రయాణం. టిక్కెట్టు గతియానే కొన్నాడు. రాత్రి భోజనాల దగ్గర అతిథి ఎదురుగానే నా పళ్ళెం పక్కన పెట్టి, "ఓ వారం ఉండి రా. పెళ్ళయిన దగ్గర్నించీ ఒక్క సెలవు తీసుకున్నావా నువ్వు?" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మేడ మీద గదిలో దిగిన బ్రిసో గారు చప్పట్లు కొట్టారు కూడా.

"నీ బయటి గోడకి ఈ ఏడైనా సున్నం వేయిస్తావటే?" అని పెద్దమ్మ ఏదో ఒకటి మాట్లాడాలని మొదలుపెట్టింది. "అన్నట్టు, పొద్దున రెక్క చూడగానే ముందు అనుకున్నాను సుమా, గురువారం కాకుండా మంగళవారం నాడు పెట్టారేమిటా అని..."

గతియాన్ చేతిలో చెంచా టక్కున గిన్నెకి తగిలింది.

పెద్దమ్మ నోరు మూసుకుంది. అంత గట్టిగా మూసుకోకపోతే నేను పట్టించుకునేదాన్నే కాదు.

"గురువారమేమిటి పెద్దమ్మా?"

"ఏం లేదులే."

గురువారం నేను పిండి బస్తాలు వ్యాన్‌లో వేసుకుని సంతకి పోయే రోజు. చీకటితో వెళ్తే మళ్ళీ పొద్దు వాలాకే రావడం.

"గురువారం రెక్క ఎలా ఉంటుంది?"

"నాకు చూపు ఆనదు తల్లీ."

"పొద్దున కొండ కిందనించి మూరెడు తేడా ఆనింది కదా."

మామయ్య రొట్టె నములుతున్నారు. గతియాన్ బుగ్గ మీద నురగ ఎండిపోయింది, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. నేను వాళ్ళ ముగ్గురినీ మార్చి మార్చి చూశాను. నాకు ఎండాకాలంలో ఒక గురువారం గుర్తొచ్చింది.

ఆ వేళ సంతలో సరుకు తొందరగా అయిపోతే మధ్యాహ్నానికే తిరిగొచ్చాను. కొండ మలుపు తిరగగానే రెక్క కనబడింది. నిలువుకి మూరెడు ముందు ఆగి ఉంది. శుభంలో ఉంది! వ్యాను పక్కకి ఆపేసి స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చాను, సంతోషం పట్టలేక. నా కోసం పెట్టాడనుకున్నాను. ఎప్పుడూ ఒక తీపి మాట అనని మనిషి, ఇంత ఎత్తున నాకు స్వాగతం చెప్పాడనుకున్నాను. ఇంట్లోకి వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేస్తే, "తొందరగా వచ్చేశావే," అన్నాడు. సింకు పక్కన కాఫీ గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఎంత మంచి మొగుడు దొరికాడని మురిసిపోయాను.

ఎన్ని గిన్నెలు బోర్లించి ఉన్నాయో చూడలేదు. మురిసిపోతుంటే ఎవరు చూస్తారు?

బయట రొట్టెల వ్యాను హారన్ మోగింది.

* * *

పెరీన్ ఊళ్ళో రొట్టెల దుకాణం నడుపుతుంది. నా పిండితోనే రొట్టెలు చేస్తుంది. ఈ ఊళ్ళో నన్ను 'ఒసే' అన్న మొదటి మనిషి, నేను 'ఏమే' అన్న మొదటి మనిషి. వ్యాను దిగి నా వైపు చేతులు చాచి వచ్చింది.

"అయ్యో అర్మెల్, మామేనా? నిద్రలోనేనా?"

"నువ్వేనా?" అన్నాను.

"ఏంటి నేనేనా?"

"గురువారాలు నేను సంతకి పోగానే మా ఆయన రెక్క పెట్టి పిలిచేది నిన్నేనా?"

పెరీన్ నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. తరవాత ఫక్కున నవ్వింది. వ్యాను తలుపు పట్టుకుని వంగిపోయి నవ్వింది.

"గతియానా? నేనా? ఒసే పిచ్చిమొహమా! మా ఇంట్లో ఒకడు గురక పెడుతున్నాడు చాలక, నీ మొగుడి గురక కోసం కొండెక్కుతానా?"

నాకూ నవ్వొచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇద్దరం ఒకరి భుజాలొకరం పట్టుకుని నవ్వుకున్నాం. కాసేపటికి ఆమె నవ్వు ఆగిపోయింది. నేను ఒక్కదాన్నే నవ్వుతున్నాను.

"మరి ఎవరినే?"

పెరీన్ బుట్టలో రొట్టెలు సర్దడం మొదలుపెట్టింది. సర్దిన వాటినే మళ్ళీ సర్దింది.

"పెరీన్. ఇటు చూడు."

"నన్నూ పిలిచాడు," అంది చూడకుండానే. "అందర్నీ పిలిచాడు. హొనొరీన్‌ని, మన మర బాగుచేసిన సంఘం వాళ్ళని, అందర్నీ. రెక్క శుభంలో కనబడితే నువ్వు వెళ్ళిపోయావని అర్థం. ఫోన్ చేస్తే బిల్లులో నంబర్లు పడతాయట. బిల్లులు చూసేది నువ్వేగా. మీ వంటింట్లోనే కూర్చునేవాళ్ళం."

"నా వంటింట్లో."

"ఊ."

"నా గిన్నెల్లో కాఫీ తాగుతూ."

"అర్మెల్, గతియాన్‌నే అడుగు. నన్ను చంపకు."

"నువ్వే చెప్పు. ఎందుకు కూర్చున్నారు?"

"మరలోని తిరగలి రాళ్ళు తీసేస్తారట."

నా బుర్ర ఎంత మొద్దుబారిందంటే, "ఇప్పుడే ఎందుకు? మొన్ననేగా నేను ఉలితో కక్కు కొట్టి గరుకు చేసింది, ఇంకో నాలుగు నెలలు ఆగుతాయి," అన్నాను.

"కక్కు కొట్టడానికి కాదే!" పెరీన్ అరిచింది. "తీసేస్తారు. మరలో పడగ్గదులు, స్నానాల గదులు కడతారు. వచ్చినవాళ్ళందరూ అడిగేది అదేనట. మరవాళ్ళ ఇంట్లో కాదు, మరలోనే పడుకోవచ్చా అని. మోత, దుమ్ము ఉంటే ఎవరు పడుకుంటారు? రెక్కల్ని బోల్టులేసి బిగించేస్తారు. ఎప్పటికీ శుభంలోనే ఉండేలా. ఫోటోల్లో బాగుంటుందని."

కొండ మీద గాలి లేచింది. నైరుతి గాలి. నా ఏప్రన్ ఎగిరి మొహాన పడితే కిందికి లాక్కున్నాను. పాడుబడి, పైకప్పు కూలి, లోపల ముళ్ళచెట్లు మొలిచిన మర ఇది. ఒక్కొక్క రాయీ ఎత్తిపెట్టి, ఒక్కొక్క పళ్ళచక్రం చెక్కించి, మళ్ళీ తిప్పడానికి నా వయసంతా పట్టింది. నాకు పిల్లల్లేరు. ఆ రాళ్ళు తిరుగుతుంటే వచ్చే మోత వింటూనే ఇన్నాళ్ళూ నిద్రలేచాను.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"సరేనని చెయ్యెత్తాను."

"ఎందుకే?"

ఇప్పుడు నా మొహంలోకి చూసింది. కోపంగా కూడా చూసింది.

"నీ పిండి ఒక వారం ఒకలా ఉంటుంది, ఇంకో వారం ఇంకోలా ఉంటుంది. గాలి ఎక్కువైతే మెత్తన, లేకపోతే రవ్వ. జనానికి రోజూ ఒకేలాంటి రొట్టె కావాలే. నేను ఫ్యాక్టరీ పిండి వాడబట్టి ఏళ్ళయింది."

"మరి నా దగ్గర కొంటున్నావుగా? ఏం చేస్తున్నావు?"

"పైన చల్లుతున్నాను."

సంచీలు సంచీలు ఆమె దుకాణానికి మోసిన భుజాలు ఇవే. దుకాణం అద్దం మీద నా మర బొమ్మ, 'కొండ మర పిండి' అని అక్షరాలు. అవి చూసి గర్వంతో గుండెలు పొంగిపోయేవి నాకు.

"ఎండాకాలంలో నీకు చెప్పాను," అన్నాను చివరికి. "నా కోసం రెక్క పెట్టాడని చెప్పాను. గుర్తుందా?"

"ఉంది."

"నా చెయ్యి పట్టుకుని, అదృష్టవంతురాలివే అన్నావు."

పెరీన్ వ్యాను మెట్టు మీద కూలబడి ఏడ్చింది. "ఏమనమంటావే మరి? నీ మొహం అలా వెలిగిపోతుంటే ఏమనమంటావు?"

"రాళ్ళు ఎప్పుడు తీస్తారు?"

పెరీన్ కళ్ళు తుడుచుకుంది. తెరిచి ఉన్న తలుపులోంచి నడవాలోకి చూసింది. అక్కడ నా సూట్‌కేసు ఉంది.

* * *

నేను వంటింట్లోకి వచ్చేసరికి బ్రిసో గారు మేడ దిగి, జుట్టు నున్నగా దువ్వుకుని నిలబడి ఉన్నారు. శనివారం నించీ మా ఇంట్లోనే దిగి ఉన్నారు. పాత కట్టడాలంటే పిచ్చని చెప్పి రోజూ మర కొలుచుకుంటున్నారు. ఆయన కొలుస్తుంటే టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. ఆ కొలతలు దేనికో ఇప్పుడు అర్థమైంది.

"ఇంట్లో ఏదో విషాదం జరిగిందని విన్నాను మేడమ్. నా సానుభూతి," అన్నారు తలవంచి.

"థాంక్సండీ. స్నానాల తొట్టి ఎక్కడ పెడుతున్నారు?"

బ్రిసో గారి మొహం వెలిగింది. "ఓ, చెప్పేశారా! మంచిపని చేశారు. నాకు కూడా ఈ దాపరికం ఇబ్బందిగానే ఉంది. సరిగ్గా రాళ్ళున్న చోటే మేడమ్! తొట్టిలో పడుకుంటే చిన్న కిటికీలోంచి లోయంతా..."

గతియాన్ కళ్ళు మూసుకున్నాడు. బ్రిసో గారికి అప్పుడు తట్టింది. చుట్టూ చూసి, "నేను పైన ఏదో మరిచిపోయాను," అని గొణుక్కుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. హొనొరీన్ పెద్దమ్మ కూడా లేచింది.

"కుండీ ఇక్కడే ఉంచెయ్, హొనొరీన్. దానికి పనుంది," అన్నారు మామయ్య.

పెద్దమ్మ నా పక్కనించి పోతూ నా చెయ్యి తాకబోయింది. నేను తీసేసుకున్నాను.

"చెప్పు," అన్నాను గతియాన్‌తో.

"ఏం చెప్పను? అంతా చెప్పారుగా."

"నేను ఆంజేలో మా చెల్లెలితో కూర్చుని, నా మొగుడు ఎంత మంచివాడో చెప్తుంటే, నువ్విక్కడ నా రాళ్ళు లారీ ఎక్కిస్తావు. అంతేనా?"

"నీ రాళ్ళు, నీ మర! వింటున్నావా నీ మాటలు? రాత్రంతా దగ్గుతావు. డాక్టరు ఏమన్నాడు? ఆ పిండి దుమ్ము ఇంకా మింగితే ఊపిరితిత్తులు మిగలవన్నాడా లేదా? నీ చేతులు చూసుకున్నావా, ఆ గోళ్ళేమిటి, ఆ కాయలేమిటి? నేను నీ కోసమే..."

"నా కోసమని నా ముందు ఎందుకు అనలేదు?"

"అంటే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే మరి."

అంత తేలిగ్గా అన్నాడు. సంతలో బేరం కుదరకపోతే పక్క దుకాణానికి పోయినట్టు.

"నువ్వు ఇంకో ఆడదాన్ని పెట్టుకున్నావనుకున్నాను," అన్నాను. "ఇందాక పెరీన్‌ని అదే అడిగాను. అదే అయితే బాగుండేది, గతియాన్. తిట్టేదాన్ని, కొట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఎప్పటికో ఒకప్పటికి మరిచిపోయేదాన్ని."

"నీకు పిచ్చెక్కింది."

"ఎక్కింది. ఆ వేళ వ్యాన్‌లో కూర్చుని ఏడ్చిన దగ్గర్నించీ ఎక్కింది. నా కోసం పెట్టావనుకున్నాను ఆ రెక్క! సిగ్గు లేకుండా ఊరంతా చెప్పుకున్నాను!"

అతనికి ఆ సంగతి తెలియదు. మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు. చెంపన ఎండిన నురగ గోటితో గీరుకున్నాడు.

నేను మామయ్య దగ్గరికి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన మోకాలి మీద తల పెట్టుకుంటే ఏడుపు అప్పుడొచ్చింది. ఉలి ఎలా పట్టుకోవాలో, రాయికి కక్కు ఎంత లోతు కొట్టాలో నాకు నేర్పింది ఈ చేతులే. ఓపిక లేదని కన్నకొడుక్కి నేర్పలేదు. నాకు నేర్పారు.

"మీరొక్కరే, మామయ్యా," అన్నాను. "అంతా నోళ్ళు మూసుకుంటే మీరొక్కరే చెప్పారు. ఈ వయసులో చీకట్లో ఆ మెట్లెక్కి, నా కోసం..."

ఆయన చెయ్యి నా తల మీదికి రాలేదు.

"నన్ను మంచివాణ్ణి చెయ్యకమ్మాయ్," అన్నారు. "మర నా పేరున ఉంది. వాడొచ్చి అడిగాడు. నేను ఊ అన్నాను."

నేను తలెత్తాను.

"మరి రెక్క?"

"నిన్ను ఆపడానికని అనుకుంటున్నావా? కాదు. మర పోతోంది. పోయినదానికి దాటిన రెక్క పెట్టాలి. మా నాన్న పోయినప్పుడు నేను పెట్టాను, ఆయన వాళ్ళ నాన్నకి పెట్టాడు. బోల్టులు బిగించేశాక ఇంక ఎవరూ పెట్టలేరు. అందుకని పెట్టాను. అది మరవాడి మర్యాద."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"రోజూ సాయంత్రం అందరికీ చెప్తావుగా ఆ భాష. నువ్వే చదువుతావనుకున్నాను."

"నేను ఎందుకూ పనికిరాలేదా మీకు? ఊ అనేముందు ఒక్కసారైనా నన్ను అడగాలనిపించలేదా?"

"వాడు నా కొడుకు. నువ్వు..."

"నేను?"

మామయ్య గిన్నె దగ్గరికి లాక్కుని అందులో రొట్టెముక్క ముంచుకున్నారు. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

* * *

లేచి మొహం కడుక్కున్నాను. కోటు తొడుక్కున్నాను. సూట్‌కేసు తీసుకున్నాను.

గతియాన్ గబగబా కారు తాళాలు అందుకున్నాడు. "స్టేషన్‌కి నేను దింపుతాలే. నాలుగు రోజులు పోతే నీ మనసే కుదుటపడుతుంది."

ఎంత ధైర్యమో చూడండి! నాకు జాలి కూడా వేసింది. నా వెనకాలే వచ్చి కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను కారు దాటిపోయాను. పెరటి గేటు దాటాను. మర తలుపు తోసి లోపలికి వెళ్ళి, గడియ వేసి, సూట్‌కేసు తలుపుకి అడ్డంగా పెట్టాను.

"అర్మెల్! ఏం చేస్తున్నావు? తలుపు తియ్యి!"

మెట్లెక్కాను. లోపలంతా గోధుమ వాసన. రాళ్ళు చల్లగా ఉన్నాయి. పై రాయి మీద సుద్దతో గీసిన గీతలు కనిపించాయి, బ్రిసో గారి కొలతలు. కోటు అంచుతో తుడిచేశాను. రాళ్ళ పైనున్న గింజల తొట్టినిండా గోధుమలు పోశాను. గాలి పట్టేలా రెక్కల చెక్కలు విప్పే పిడి తిప్పి, బ్రేకు తాడు వదిలాను.

ముందు మూలిగింది. తరవాత కదిలింది. రెక్క నీడ కిటికీ మీద ఒకసారి పడింది, మళ్ళీ పడింది. గోడలు అదరడం మొదలయ్యింది. నైరుతి గాలి మంచి ఊపు మీద ఉంది. రాళ్ళ మధ్యనించి పిండి వేడివేడిగా జారుతుంటే దోసిలి పట్టాను. మెత్తగా ఉంది. పైన చల్లుకోవడానికి పనికొచ్చే పిండి! దగ్గు వచ్చింది. దగ్గుతూనే నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. కింద గతియాన్ తలుపు బాదుతున్నాడు. ఆ మోతలో అతని మాటలు వినబడటం లేదు.

మంచు విడిపోయింది. చిన్న కిటికీలోంచి లోయంతా కనబడుతోంది. బ్రిసో గారు చెప్పింది నిజమే, చాలా బాగుంటుంది. దాటిన రెక్క ఉన్నట్టుండి తిరగడం చూసి జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. హొనొరీన్ పెద్దమ్మ నల్లకోటు గుర్తుపట్టాను. దుకాణం ముందు పెరీన్ వ్యాను ఆగి ఉంది.

ఈ ఊరిని నేనెప్పుడూ ఏమీ అడగలేదు. రెక్కతో అడగడం అసలే తెలియదు, అతిథులకి దాని కథ చెప్పడమే తెలుసు. తాడు రెండు చేతులా పట్టుకుని, నీడలు లెక్కపెట్టుకుంటూ, ఊపిరి బిగబట్టి లాగాను. మర మొత్తం ఒక్క కుదుపుతో ఆగింది.

కింది రెక్క నిలువుకి మూరెడు ముందు ఆగింది. రండి.

ఇవాళ గురువారం కాదు. నేను సంతకి పోలేదు. పిలుస్తున్నది గతియాన్ కాదని, వాడు బయట నిలబడి తలుపు బాదుతున్నాడని కొండ కిందికి కూడా కనబడుతూనే ఉంటుంది. ఆ గుర్తుకి అర్థం తెలియనివాళ్ళు ఆ లోయలో ఒక్కరూ లేరు.

కిటికీకి మొహం ఆనించి చూశాను. అందరూ గుమ్మాల్లోనే నిలబడ్డారు. తలలెత్తి చూస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు.

అప్పుడు పెరీన్ దుకాణం తలుపు మూసుకుంది. కొండెక్కి రావడానికి మూసిందో, నన్ను చూడలేక మూసిందో, అంత ఎత్తునించి నాకు తెలియలేదు.